ఆబ పోయిన గేదె

"ఆబ" అనే మాట మీ వయసు వాళ్ళ నోట వినడం తగ్గిపోయింది. ఫోనులో వెతికితే తీరని కోరిక అనో, అత్యాశ అనో చూపిస్తుంది. అది చదివి తెలిసిపోయిందనుకోకండి. పనసకాయ కూర ఫొటో చూసి కడుపు నిండిందనుకున్నట్టే అవుతుంది.

మా శ్రీకాకుళం వైపు ఈ మాట పొద్దున పళ్ళు తోముకోక ముందే మొదలవుతుంది. నోట్లో ముద్ద మింగకుండా చేత్తో ఇంకో ముద్ద కలిపేవాడిది ఆబ. ఆమదాలవలస స్టేషన్లో రైలు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి, సీటు దొరికాక ఆ పక్క సీటు మీద సంచి కూడా పెట్టేవాడిది ఆబ. కొన్న చీర సంచిలో పెట్టించుకుంటూ, పక్కావిడ బేరమాడుతున్న చీరకేసి చూసే చూపుంది చూశారూ, అదీ ఆబే. ఆకలి వేరు, అది తింటే తీరుతుంది. ఆశ దొరికితే తీరుతుంది. కక్కుర్తి గలవాడికి ఎవరైనా చూస్తున్నారంటే కాస్త సిగ్గయినా వేస్తుంది. ఆబకి ఇవేవీ పట్టవు. దానికి నోరుంది గానీ అడుగు లేదు.

ఇంత జ్ఞానం నాకు పుస్తకాల వల్ల రాలేదు, ఒక గేదె వల్ల వచ్చింది.

నేను పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారి కింద సహాయకుణ్ణిగా ఉండేవాణ్ణి. సూదులు మరగబెట్టడం, కొమ్ములు పట్టుకోవడం, రైతుల చేత తిట్లు తినడం నా పని. ఊళ్ళలో కాంపౌండరనేవారు. ఓ ఎద్దు మోకాలి మీద తన్నిన పుణ్యమా అని రిటైరయ్యే వయసు రాకుండానే ఉద్యోగం మానుకున్నాను. ఆ ఎద్దు ఒక్కో ఊళ్ళో ఒక్కో ఎత్తు ఉంటుందని నా మీద ఫిర్యాదు. ఉండదా మరి? కాలం గడిచేకొద్దీ ఎద్దు కూడా పెరుగుతుంది కదా.

మా ఆసుపత్రి అటెండరు నాకంటే పెద్దవాడు, చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళేవాడు, అబద్ధమంటే గిట్టనివాడు. నేను ఎవరికి ఏం చెబుతున్నా వెనక నుంచి వచ్చి, "కాంపౌండరు బాబు సెప్పినదాంట్లో సగం తీసెయ్యండి" అని చెప్పి వెళ్ళిపోయేవాడు. అలవాటైపోయి జనం కూడా నేను నోరు తెరవగానే సగం తీసేయడం మొదలెట్టారు. ఈ కథలో మాత్రం తీయకండి. సగం తీస్తే గేదె మిగలదు.

రాష్ట్రం విడిపోయి, ఆఫీసు బోర్డుల మీద కొత్త రంగు ఇంకా ఆరని రోజులు. నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళకి కాస్త ఇవతల ఉన్న ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఎటు చూసినా తెల్లగా ఉప్పు కుప్పలు, వాటి వెనక కొబ్బరి తోటలు. మాకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. అనంతపురం వైపు అమ్మాయి, మొదటి పోస్టింగు. రాగానే నన్ను "అన్నా" అంది. పై అధికారి అన్నా అంటే గాలి కొట్టిన ట్యూబులా ఉబ్బిపోతామా లేదా? నేను ఉబ్బాను. అటెండరు నా వైపు చూసి, ఇందులో కూడా సగం తీసెయ్యాలన్నట్టు తలూపాడు.

ఒక పొద్దున్న ఒకావిడ వచ్చింది. పక్క ఊళ్ళో చర్చి వీధిలో ఉంటుంది. భర్త ఉప్పుమళ్ళలో పని చేస్తాడు. వానలు పడితే ఉప్పు పని ఆగిపోతుంది. ఆ నెలలన్నీ ఇల్లు నడిచేది ఒక్క గేదె పాల మీద. ఒకే వాకిట్లో ఎదురుబొదురుగా ఆవిడ కుటుంబం, మరిది కుటుంబం ఉంటాయి. అందుకని వీధిలో అందరూ ఈవిణ్ణి పెద్దకోడలనీ, తోడికోడల్ని చిన్నకోడలనీ అనేవారు. నేనూ అలాగే అంటాను.

"అమ్మా, మా గేదికి ఆబ పట్టినాది. మందియ్యి" అంది పెద్దకోడలు.

డాక్టరమ్మ కలం ఆపింది. "ఆబ అంటే ఏందన్నా? కథల్లో చదివినా గానీ మనిషి నోట ఇదే వినడం. ఆకలి ఎక్కువగా ఉందనా?"

"ఆకలైతే గడ్డి తింతాది గదమ్మా! ఇది గడ్డి ఒగ్గేసి గోనెసంచి తింతన్నాది."

"అంటే రుచి చెడిందనా?"

"రుసి సెడితే తినడం మానేస్తాది. ఇది ఎంత తిన్నా మానదు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకునే లోపలే, బయట బల్ల మీద కూర్చున్న రైతులు అందుకున్నారు.

"మా మావకి సుట్ట మీద ఉన్నట్టమ్మా. నోట్లో ఒకటి కాల్తుంటాది, సెవిలో ఒకటుంటాది, సెయ్యి మూడోదాని కోసం తడుముతుంటాది" అన్నాడు ఒకాయన.

"మా ఆడపడుసుకి పక్కింటి కబుర్ల మీద ఉన్నట్టు" అంది మేకపిల్లని ఒళ్ళో పెట్టుకున్న మనిషి. "ఇన్నదాన్నే మళ్ళీ మొదట్నుంచీ సెప్పమంటాది."

"మా కాంపౌండరు బాబుకి కోతల మీద ఉన్నట్టు" అన్నాడు అటెండరు, తుడుస్తున్న ట్రే మీంచి తలెత్తకుండా.

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. తర్వాత పెద్దకోడలికి ఓపిగ్గా చెప్పింది: "చూడమ్మా, ఇది తిండిపోతుతనం కాదు. ఒంట్లో ఏదో తక్కువైంది. ఏది తక్కువైందో గేదెకి తెలీదు. అందుకే కనపడిందల్లా నోట్లో పెట్టుకుని ఇదేనేమో, ఇదేనేమో అని చూస్తా ఉంది."

"ఏటి తక్కువైనాదమ్మా? ఉప్పా?" అంది పెద్దకోడలు. వెనక నుంచి అందరూ నవ్వారు. నౌపడ ఉప్పుకుప్పల పక్కన పుట్టిన గేదెకి ఉప్పు తక్కువైందంటే నవ్వరూ?

"ఉప్పు కాదు, భాస్వరం" అంది డాక్టరమ్మ. కడుపులో పురుగులు పోవడానికి మందు తాగించమంది, ఇంజెక్షన్లు రాసింది, దాణాలో కలపమని ఖనిజ లవణాల పొడి పొట్లం ఇచ్చింది.

నేను ఆ మాట గురించి చాలా ఏళ్ళు ఆలోచించాను. ఏదో ఒకటి తక్కువ, ఏదో తెలీదు, అందుకని అన్నీ. నిఘంటువులు రాసేవాళ్ళు ఒక్కసారి మా ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉంటే బాగుండేది.

మర్నాడు ఇంజెక్షను చేయడానికి వెళ్ళాను. "పొడి కలుపుతున్నావా?" అనడిగితే పెద్దకోడలు నేల చూపులు చూసింది.

"నాను కలిపీలోగా అదే తీసీసుకున్నాది బాబూ."

"పొడంతా తినేసిందా?"

"పొట్లంతో."

ఆ గేదె సంగతులు వీధంతా కథలుగా చెప్పుకునేది. ఒకాయన చెప్పు ఒకటి తినేసిందట. మర్నాడు తెల్లారేసరికి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, రెండోది ఏదన్నట్టు చూసిందట. తనని కట్టిన తాడు తానే తినేసి, ఎటూ పోకుండా, ఇంకో తాడు కట్టమని అక్కడే నిలబడిందట. ఇవి నేను కల్పించినవి కావు. నాకంటే గట్టివాళ్ళు ఆ వీధిలో ఉన్నారు. చర్చిలో సభకి కట్టిన "సుస్వాగతం" గుడ్డ మాయమైతే పక్క వీధి వాళ్ళని అనుమానించారు. ఒకావిడ సబ్బు పోయిందని పొరుగావిడతో మాటలు మానేసింది. వీధిలో ఏది కనపడకపోయినా సగం మంది గేదె అనేవారు, సగం మంది ఎదురింటివాళ్ళనేవారు.

చివరికి చిన్నకోడలు కొత్త దుప్పటి పోయింది. దండెం మీద ఆరేసి లోపలికెళ్ళి వచ్చేసరికి, మూల ఒక్కటి గేదె నోట్లోంచి వేలాడుతోందట.

"అప్పా, నీ గేదిని కట్టుకో!" అని అరిచింది చిన్నకోడలు. అక్కని అక్కడ అప్ప అంటారు, తోడికోడలైనా అప్పే.

"కట్టినానే! తాడు కూడా తినీసినాది, నానేటి సేసీది?"

"అయితే ఇంట్లో పెట్టుకుని తలుపేసుకో."

"తలుపు తింతే?"

అంతవరకూ మామూలు తగువే. చిన్నకోడలు అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన కూటమి జరిగింది. అక్కడ ఒక్కొక్కరూ లేచి తమ మనవి చెప్పుకుంటారు, తక్కినవాళ్ళు దాని కోసం ప్రార్థన చేస్తారు. ఒకావిడ కొడుకు పరీక్షలంది, ఒకావిడ నడుం నొప్పంది. చిన్నకోడలు లేచి, "మా అప్పోళ్ళ గేదికి ఆబ పోవాలని ప్రార్దన సెయ్యండి" అంది. కూటమిలో చెప్పులు పోయినవాళ్ళూ, సబ్బులు పోయినవాళ్ళూ, జాకెట్లు పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఆమెన్‌కి చర్చి రేకులు అదిరాయని మా అటెండరు చెప్పాడు. అటెండరు చెప్పినదాంట్లో ఏమీ తీసేయక్కర్లేదు.

ఆ మర్నాటి మర్నాడు పెద్దకోడలు ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది.

"బాబూ, మా గేదికి ఆబ పోనాది!"

"పోనీలే, మంచి మాట చెప్పావు" అన్నాను నేను.

ఆవిడ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "మంచేటి బాబూ! నిన్నటి నించీ ఏటీ తిన్నేదు. గడ్డెడితే సూన్నేదు. కుడితెడితే సూన్నేదు. సివరాకరికి మా ఆయన సెప్పు తీసి నోటికాడ ఎట్టినాను, వాసన కూడా సూన్నేదు!"

డాక్టరమ్మ అప్పటికే సంచి సర్దుతోంది.

వెళ్ళి చూస్తే గేదె వాకిట్లో నిలబడి ఉంది. ఎడమ డొక్క ఉబ్బిపోయి, తడితే నిండు సిమెంటు బస్తా మీద కొట్టినట్టుంది. నెమరు లేదు. చెవులు వాలిపోయాయి. డాక్టరమ్మ చెవికి గొట్టం పెట్టుకుని డొక్క మీద చాలాసేపు విన్నది. పశువు పెద్దపొట్ట దూరంగా ఉరిమినట్టు ఎప్పుడూ చప్పుడు చేస్తూనే ఉండాలి. లేచి నా పక్కకొచ్చి నెమ్మదిగా, "లోపల ఏం కదలడం లేదన్నా. తిన్నవన్నీ ఉండ కట్టినాయి. కోసి తీయాల" అంది.

"మీరు ఇంతకుముందు చేశారా?"

"కాలేజీలో. మా ప్రొఫెసరు చేస్తుంటే పక్కన పట్టుకున్నా."

పెద్దకోడలు మా మొహాలే చూస్తోంది. "కోస్తే బతుకుతాదా అమ్మా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. నేనైతే చెప్పేవాణ్ణి. "కోయకపోతే బతకదమ్మా. కోస్తే బతకొచ్చు."

ఎదురింటి గుమ్మంలో చిన్నకోడలు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "నానే సేసినాను" అంది ఎవరూ అడక్కుండానే. "ఆబ పోవాలని నానే అడిగినాను. ఆయన ఇన్నాడు. మరీ ఎక్కువ ఇనీసినాడు."

పెద్దకోడలు గిరుక్కున తిరిగింది. "నా గేది మీద నాకు సెప్పాల, నేదా కాంపౌండరు బాబుకి సెప్పాల. సరాసరి పైవోడికే పితూరీ ఎట్టీసినావా!"

"ఆబ పోవాలన్నాను గానీ తిండి పోవాలన్నేదప్పా!"

"ఎంతమటుకు పోవాలో కొలత సెప్పొద్దేటి?"

అంతే, ఆ తర్వాత పెద్దకోడలు ఆవిడతో మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నా లేనట్టే చూసింది. చిన్నకోడలు మాత్రం కదలకుండా ఆ గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆసుపత్రికి నడిపించే స్థితిలో గేదె లేదు. రెండు కొబ్బరిచెట్ల మధ్య వెదురు బొంగులు అడ్డంగా కట్టి, మధ్యలో దాన్ని నిలబెట్టాం. మీరు సినిమాల్లో చూసే ఆపరేషనులా పడుకోబెట్టడం, మత్తులో ఉంచడం ఉండదు. కోసే చోట మాత్రం తిమ్మిరెక్కేలా ఇంజెక్షన్లు ఇస్తారు. పశువు నిలబడే ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటుంది, పక్కన మన చేతిలో కత్తి ఉంటుంది. నేను జీవితంలో ఎన్నో కోతలు కోశాను, సగమైనా నమ్మారు. ఈ ఒక్క నిజం చెబితే మాత్రం ఎవరూ నమ్మరు.

నేను డొక్క మీద వెంట్రుకలు గీశాను, మందు పూశాను. అటెండరు తల దగ్గర నిలబడి కొమ్ములు పట్టుకుని పెదాలు కదుపుతున్నాడు. డాక్టరమ్మ వేళ్ళతో చోటు కొలుచుకుని గీత పెట్టింది. చర్మం, కండ, చివరికి పొట్ట గోడ. భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. చెంప గేదె డొక్కకి ఆనింది. కళ్ళు మూసుకుని లోపల తడుముతోంది.

"దొరికిందన్నా. పట్టుకో."

మొదట వచ్చింది తాడు. లాగేకొద్దీ వస్తోంది, మా ఊరి బావి నుంచి తోడుతున్నట్టుంది. తర్వాత పాలిథిన్ సంచులు, ఒకదానికొకటి జడ అల్లినట్టు. గోనెపీచు. సబ్బు చుట్టిన కాగితం. జాకెట్టు గుడ్డ. వీధంతా చుట్టూ మూగింది. ఒక్కొక్కటీ బయటకొచ్చేకొద్దీ ఎవరో ఒకరు గుర్తుపడుతున్నారు.

"ఓలమ్మో, అది నా జాకెట్టే!"

"సూడు సూడు, సెప్పు పట్టీ! నాదే!"

"కావాలా?" అన్నాను.

"వొద్దు బాబూ, ఉంచుకోండి."

చర్చి సుస్వాగతం గుడ్డలో "గతం" అన్నంత మేరకే బయటకొచ్చింది. మేమిచ్చిన పొట్లం కూడా వచ్చింది. దాని మీద పశువులకు మాత్రమే అన్న అక్షరాలు చెక్కు చెదరలేదు. చివర్న దుప్పటి వచ్చింది. పువ్వుల అంచు ఇంకా తెలుస్తోంది. పెద్దకోడలు దాన్ని చూసింది, మొహం తిప్పుకుంది. కానీ వెనకాల, సబ్బు గొడవ పడిన ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం నేను చూశాను. ఎవరూ దొంగలు కారని తేలడం ఎంత హాయిగా ఉంటుందో, ఒక వీధంతా ఒకేసారి ఊపిరి వదిలితే వినాలి.

కుట్లు వేసేటప్పటికి పొద్దు వాలుతోంది. డాక్టరమ్మ బట్టల నిండా ఎండిపోయిన పసరు. "ఇప్పుడు ఈ పొట్ట మళ్ళీ పనిచేయాలంటే ఆరోగ్యంగా ఉన్న పశువు నెమరు కావాల. దాన్ని దీని నోట్లో పెట్టాల" అంది.

ఎవరి పశువని అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటుండగా, చిన్నకోడలు తన పెరట్లోకి వెళ్ళి, ఇంకా ఈనని తన చూడిగేదెని తోలుకొచ్చింది. అటెండరు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అది మింగిన గడ్డిని నోట్లోకి తెచ్చుకుని నమలడం మొదలెట్టగానే దవడ పట్టుకుని, వేళ్ళు దూర్చి, నెమరు కాస్తా లాగేసుకున్నాడు. నోట్లో మెతుకు లాక్కుంటే మనిషికెలా ఉంటుంది? ఆ గేదె అటెండర్ని చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. మళ్ళీ నెమరుకి తెచ్చుకుంది, మళ్ళీ లాగాడు. పెద్దకోడలు ఆ పచ్చటి ముద్దలు తీసుకుని తన గేదె నాలిక మీద పెట్టింది. ఇచ్చినావిడ వైపు మాత్రం చూడలేదు.

"మన చేతిలో ఉన్నదంతా చేశాం" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "రేపు పొద్దునకి దానికి తినాలని పుట్టాల. పుడితే బతుకుతుంది. పుట్టకపోతే..." అని ఆపేసింది.

ఆ రోజు బండి మీద తిరిగొస్తూ నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ వీధి వీధంతా ఆ గేదె కోరిక చావాలని కోరుకుంది. ఇప్పుడు అది ఒక్క గడ్డిపరక కోరుకుంటే చాలని ఎదురుచూస్తోంది. ఆబ అనే మాటని మనం తిట్టుగానే వాడతాం. అది ఊపిరికి తోబుట్టువని ఎవరూ చెప్పరు.

తెల్లవారి మేం వెళ్ళేసరికి కొబ్బరిచెట్ల కింద సంత పెట్టినట్టుంది. గేదె ముందు పచ్చగడ్డి, పనసాకులు, గంజి, బెల్లం. సరే. వాటి పక్కన పాత లంగా, గోనెసంచి, అరిగిపోయిన హవాయి చెప్పులు, కొత్త సబ్బుబిళ్ళ కూడా ఉన్నాయి. నిన్నటిదాకా దాని కంటబడకుండా దాచుకున్నవన్నీ, ఇష్టంగా తింటుందేమోనని ఇంటింటి నుంచీ తెచ్చి నైవేద్యం పెట్టారు.

"ఏందమ్మా ఇది!" డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. "నిన్న ఇవి తీయడానికే కదా కోసింది? తీసేయండి, తీసేయండి!"

"సెప్పు ఒక్కటి ఉంచండమ్మా" అని బతిమాలాడు చెప్పు పోగొట్టుకున్నాయన. "దానికి రెండోది బాకీ ఉండిపోనాది."

అన్నీ తీయించింది. గేదె దేన్నీ చూడలేదు. గడ్డి మూతికి ఆనిస్తే తల పక్కకి తిప్పుకుంది. డాక్టరమ్మ డొక్క మీద గొట్టం పెట్టి విన్నది. "చప్పుడు సన్నగా ఉంది. కానీ తినాల కదా, తినకపోతే ఇది కూడా ఆగిపోతుంది" అంది. పెద్దకోడలు కొబ్బరిచెట్టుకి చేరగిలబడి కూర్చుంది. ఏడవడం కూడా లేదు. అది చూడటం కష్టంగా ఉంది.

కూటమి పెద్దావిడ ముందుకొచ్చింది. "ప్రార్దన సేద్దాం."

"ఈసారి జాగర్త" అన్నారెవరో. "కొలత సెప్పి అడగండి."

"ఆబ మళ్ళీ రావాలని అడుగుదాం."

"అంతా వస్తే? మళ్ళీ సెప్పులు తింతాది."

"సగం రావాలని అడుగుదామా?"

"గడ్డి మీద మాత్రమే రావాలని సెప్పండి, తాడు మీద వొద్దని."

వీధి ఆడవాళ్ళంతా దస్తావేజు రాయించుకుంటున్నట్టు ఒక్కో మాటా తూచుకుంటున్నారు. చివరికి పెద్దావిడ తీర్పు చెప్పింది: అడిగిన మనిషే వెనక్కి తీసుకోవాలి. అందరూ చిన్నకోడలి వైపు చూశారు. ఆవిడ వచ్చి గేదె మూతి ముందు నిలబడింది. చేతులు జోడించింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. డాక్టరమ్మ కూడా మూసుకుంది. అటెండరు అయితే మొహమంతా మూసుకున్నట్టు మూసుకున్నాడు.

నేను ఒక కన్ను తెరిచి ఉంచాను. ఎవరి ప్రార్థనలోనైనా నాకది అలవాటు.

"ప్రభువా" అంది చిన్నకోడలు. "నానడిగింది తప్పు. దుప్పటి కోసం అడిగినాను. నా మాట నాకిచ్చీ. మా అప్ప నాతో మాటాడకపోయినా పరవానేదు, ఆ గేది మాత్రం ఉండాల. ఆల పిల్లలు ఆ పాలే తాగుతారు, మా పిల్లలూ ఆ పాలే తాగుతారు. మా గేది ఇంకా సూడిదే, ఈన్నేదు..."

అప్పుడు చూశాను. గేదె మూతి కదిలింది. నాలిక నెమ్మదిగా బయటకొచ్చింది, బూడిదరంగు గరుకు నాలిక. ఎదురుగా చిన్నకోడలి భుజం మీంచి జారిన పైట చెంగు గాలికి ఊగుతోంది. నాలిక దాన్ని ఒకసారి తాకింది. రెండోసారి చుట్టింది. మూడోసారికి చెంగు లోపల ఉంది.

అటెండరు చెవిలో, "తింటోంది!" అన్నాను.

కళ్ళు తెరవకుండానే అన్నాడు: "సగం తీసెయ్యాల."

"చీర తింటోందయ్యా!"

"ప్రార్దన అవనీ బాబూ."

మీరే చెప్పండి, ఇన్నేళ్ళు కోతలు కోసినవాడి మాట అలాంటప్పుడు ఎవరు నమ్ముతారు? పోనీ అరుద్దామా అంటే, గేదె బెదిరి మానేస్తే? నోరు మూసుకుని నిలబడ్డాను. నా జీవితంలో నేను చెప్పకుండా ఆపుకున్న ఒకే ఒక్క కథ అది.

ప్రార్థన సాగుతోంది. చెంగు తరుగుతోంది. చిన్నకోడలు ఒక అడుగు ముందుకేసింది, మరో అడుగు వేసింది. ఎవరో భుజం మీద చెయ్యేసి దగ్గరికి పిలుస్తున్నట్టనిపించిందని తర్వాత చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆవిడ కళ్ళు తెరిచేసరికి గేదె ముక్కూ ఆవిడ ముక్కూ ఆనుకుని ఉన్నాయి.

"అప్పా!" చిన్నకోడలు కేక పెట్టింది. "తింతన్నాదే! నా సీర తింతన్నాదప్పా!"

పెద్దకోడలు లేచిన వేగానికి కొబ్బరిచెట్టు ఊగింది. "కదలకే! కదిలితే మానేస్తాది!"

"కదల్నప్పా! కదల్నే కదల్ను!" పైట సగం గేదె నోట్లో, మెడ ముందుకి సాచి, ఊపిరి బిగబట్టి, విగ్రహంలా నిలబడిపోయింది.

"గుడ్డ వద్దమ్మా! అన్నా, గడ్డి! గడ్డి పెట్టన్నా!" డాక్టరమ్మ అరుస్తూనే నవ్వుతోంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. నేను పచ్చగడ్డి పిడికెడు పట్టుకుని పక్కనుంచి మూతికి ఆనించాను. అటెండరు దవడ పట్టుకుని చెంగు మెల్లిగా వెనక్కి లాగుతున్నాడు. అటు గుడ్డ ఒక బెత్తెడు బయటికొస్తే ఇటు గడ్డి ఒక పిడికెడు లోపలికి పోతోంది. చెంగంతా వచ్చేసింది. గడ్డి మాత్రం ఆగలేదు. గేదె నా చేతిలోది తినేసి, అటెండరు చేతిలోది తినేసి, కట్ట కోసం మెడ సాచింది.

"ఆబ వచ్చీసినాది!" అన్నారెవరో. వీధి మొత్తం అందుకుంది. "ఆబ వచ్చీసినాది! వచ్చీసినాది!" ఆ మాటని అంత సంబరంగా అరవడం నేను ఇంకెక్కడా వినలేదు.

పెద్దకోడలు గేదె మెడ మీద అరచేత్తో చరిచింది. "ఒసే ఆబదానా! తినవే! తిను, నీకెవులొద్దన్నారు!" అని, అదే చేత్తో చిన్నకోడల్ని దగ్గరికి లాక్కుంది. చిన్నకోడలు చీర చెంగులోంచి పసరు కారుతోంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

కాసేపటికి డాక్టరమ్మ మందులు చెప్పింది. "పొడి దాణాలో కలిపి పెట్టండి, పొట్లం దాచేయండి. ఒంట్లో తక్కువైంది సరిపోయేకొద్దీ ఈ గుడ్డలు తినడం దానంతట అదే మానేస్తుంది."

"బేగి వొద్దమ్మా" అంది పెద్దకోడలు. "నెమ్మదిగానే మాననీ."

కూటమి పెద్దావిడ మళ్ళీ చేతులు జోడించింది. "అయితే ఆ గుడ్డల సంగతి కూడా ఓ మాట ప్రార్దనలో..."

"వొద్దు!" చిన్నకోడలు చెంగు పిండుకుంటూ వీధి వైపు తిరిగింది. "కొన్నాళ్ళు ఎవులూ ఏటీ అడక్కండి!"